నారింజ రంగు పొర్లింది

నా ఉద్యోగం కరీంనగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకోవడం. నా ఉచిత సేవ మాత్రం భూగోళమంతటికీ. నేను పొద్దున్నే లేచి టీ తాగి కూర్చోకపోతే ఖండఖండాంతరాల్లో ప్రోగ్రాములు రాసేవాళ్ల తెరలన్నీ తెల్లబోతాయని చాలాకాలం గట్టిగా నమ్మాను. మా ఇంటామె నమ్మలేదు. ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు. అటువైపు వాళ్లు దేన్నీ ఊరికే నమ్మరు.

ఆ సేవ ఏమిటో చెబుతాను. ప్రోగ్రాములు రాసుకోవడానికి ఒక ఎడిటర్ ఉంది. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, కాబట్టి ఎవరైనా చెడగొట్టవచ్చు. అందులో రాస్తూంటే మాటలకు వాటంతట అవే రంగులు పడతాయి. కంప్యూటర్‌కిచ్చే ఆజ్ఞలు ఊదా, మనకోసం రాసుకునే వివరణలు బూడిద, కోట్ గుర్తుల మధ్య మాటలు నారింజ. కోట్ మూయడం మరిచామా, నారింజ రంగు పగిలిన డ్రైనేజీలాగా కిందికంటా పారుతుంది. పిల్లలు ఆ రంగు చూసే తప్పు పట్టుకుంటారు.

ఈ రంగులు సరిగ్గా పడుతున్నాయా అని చూసే పరీక్షలకు నేను కాపలాదారుణ్ణి. ఒక నమూనా ప్రోగ్రాము ఉంటుంది. దాని పక్కనే, ఏ అక్షరానికి ఏ రంగు రావాలో రాసిపెట్టిన జవాబు ఫైలు ఉంటుంది. ఎవరు ఎడిటర్‌లో ఏ చిన్న మరమ్మతు చేసినా యంత్రం నమూనాకు పడ్డ రంగులను జవాబు ఫైలుతో పోల్చి చూస్తుంది. కలిస్తే పచ్చ టిక్కు. కలవకపోతే ఎర్ర ఇంటూ. ఎర్ర ఇంటూ పడ్డ మరమ్మతు, చేసింది ఎంత మొనగాడైనా, గడప దాటి లోపలికి రాదు.

నన్ను ఇందులోకి దింపింది మా ల్యాబులో ఒక అమ్మాయి. ఫ్యాన్లు నిజాం కాలంనాటి నిట్టూర్పులు విడుస్తూ, కీబోర్డుల మీద గ్రానైటు దుమ్ము ఇంకో పొర వేసుకుంటున్న మధ్యాహ్నం అది.

"సార్, కోట్ మూసుకపోతలేదు," అన్నది.

"మూసినవ్ గదా బిడ్డా, ఇగో."

"మరి రంగెందుకు కారుతున్నది?"

ఆమె 'మీ ఊరు ఏది?' అని తెలుగులో కొట్టింది. కోట్ మూసింది కూడా. అయినా నారింజ రంగు ఆగకుండా పక్క మాటల మీదికి, కింది వరసమీదికి పొర్లింది. కారణం తర్వాత తెలిసింది. కంప్యూటర్ కడుపులో ఇంగ్లీషు అక్షరం ఒక్క గది అద్దెకు తీసుకుంటే తెలుగు అక్షరం కుటుంబసమేతంగా మూడు గదుల్లో దిగుతుంది. రంగులేసే యంత్రం అక్షరాలను లెక్కపెట్టాల్సింది పోయి గదులను లెక్కపెట్టింది. ఆ అమ్మాయికి ఇదంతా ఏం తెలుసు? కోట్ పడలేదనుకుని ఇంకోటి పెట్టింది. అప్పటిదాకా బాగున్న ప్రోగ్రాము అప్పుడు నిజంగానే చెడింది. తెలుగు మొత్తం చెరిపేసి, అదే ప్రశ్నను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. రంగు బుద్ధిగా ఆగిపోయింది.

"దీనికి తెలుగు పడుతలేదు సార్," అని ఎడిటర్ ఆరోగ్యం గురించి డాక్టరమ్మ చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎడిటర్ వాళ్లకు రాశాను. అప్పటి పెద్దమనిషి ఎవరో పుణ్యాత్ముడు, వారం తిరక్కుండా లెక్క సరిచేశాడు. మళ్లీ చెడకుండా ఒక పరీక్ష రాసిపెట్టమన్నాడు. రాశాను. 'వేములవాడ బస్సు ఎక్కడ ఆగుతుంది?', 'ఆసిఫాబాద్‌లో వాన పడుతున్నదా?' లాంటి ప్రశ్నలు నమూనాలో పెట్టి, ఒక్కొక్క అక్షరం రంగూ తెర మీద స్కేలు ఆనించి చూసి, జవాబు ఫైలు చేత్తో రాశాను. ఆ పనికి ఖర్చయిన నా కంటిచూపుతో గోదావరి కింద ఉన్న బొగ్గంతా లాంతరు లేకుండా తవ్వుకోవచ్చు. చివరికి నన్నే ఆ పరీక్షలన్నిటికీ కాపలా పెట్టారు. నేనొక నియమం కూడా రాయించాను: జవాబు ఫైలును మార్చాలంటే దాన్ని మార్చే మనిషి కాక ఎడిటర్ కాపలాదారుల్లో ఇంకొకరు ఒప్పుకోవాలి. ఆ నియమం పెట్టినరోజు నాకు నేను రాజ్యాంగం రాసినంత గొప్పగా కనిపించాను.

కొన్నేళ్లు బాగానే గడిచింది. తర్వాత పాత పెద్దమనిషి తప్పుకున్నాడు, కొత్తాయన వచ్చాడు. ఏ దేశమో నాకు తెలియదు, ఫొటో బదులు ఒక నక్క బొమ్మ. రాగానే రంగులేసే యంత్రాన్ని పీకేసి, ఇంకా వేగమైనది పెట్టాడు. అది ఎంత వేగమంటే, అక్షరాలు లెక్కపెట్టే తీరిక దానికి లేదు. మళ్లీ గదులే లెక్కపెట్టింది. నా తెలుగు పరీక్షలన్నీ ఎర్ర ఇంటూలు. నా కాపలా ఫలించిందని సంతోషంతో నేను రెండో టీ తాగాను.

ఆయన మాత్రం ఒక ఆజ్ఞ కొట్టాడు. అలాంటి ఆజ్ఞ ఒకటి ఎప్పటినుంచో ఉంది: యంత్రం ఇప్పుడు ఏ రంగు వేస్తే అదే సరైన రంగని జవాబు ఫైళ్లన్నిటినీ తిరగరాసే ఆజ్ఞ. పిల్లవాడు పేపర్లో ఏం గిలికితే అదే కీ అని విశ్వవిద్యాలయం ప్రకటించినట్టు. 'అభ్యంతరాలుంటే శుక్రవారంలోగా చెప్పండి' అని పెట్టాడు.

నేను గురువారమే చెప్పాను. మా కాలేజీ ఆఫీసుల్లో తలనెరిసినవాణ్ణి, అభ్యంతరం ఎలా చెప్పాలో నాకొకరు నేర్పాలా? ముందు ఆయన కృషిని ఆకాశానికెత్తాను. కొత్త యంత్రం వేగాన్ని పొగిడాను. ఆపైన, తెలుగు నమూనాల విషయంలో ఒక చిన్న సంగతి తమ దృష్టికి తేదలిచానని, ఉచితమని భావిస్తే పరిశీలించగలరని రాశాను. ఈ 'చిన్న సంగతి' మా ప్రిన్సిపాల్ టేబుల్ మీద పడితే ఆయన ఏసీలో కూర్చుని చెమటలు కారుస్తాడు. 'ఉచితమని భావిస్తే' అంటే మా దగ్గర యుద్ధం మొదలైనట్టే.

శుక్రవారం జవాబొచ్చింది. పైన ఒక ఎర్రటి హృదయం బొమ్మ. మీ ప్రోత్సాహానికి ధన్యవాదాలు, చిన్న సంగతి తీరిక చూసుకుని చూద్దాం అని కింద. ఇంకా కిందకు పోతే, 'రెండో కాపలాదారు అంగీకారం లభించింది' అన్న చోట నా పేరు. నేను రాయించిన నియమానికి నా ఉత్తరాన్నే సంతకం కింద జమకట్టేశారు.

ఆ పూట అన్నం దగ్గర నా మొఖం చూసి ఇంటామె అడిగింది. ఉత్తరం మొత్తం తెలుగులో చదివి వినిపించాను. పచ్చిపులుసు పోస్తూ విన్నది.

"ఇందుల వద్దన్న ముచ్చట ఏడున్నదయ్యా?"

"అంత అదే గదనే. 'ఉచితమని భావిస్తే' అన్న గద. ఇంకెట్ల చెప్పాలె?"

"మా దిక్కు వద్దంటే నక్కో అంటం. ఒక్కటే మాట. అంగట్ల కూరగాయలమ్మెటామెకు సుత సమజైతది."

"దూరపోళ్లు, పెద్దోళ్లు. మొఖం మీద అంటరానే?"

"నువ్వు వాళ్ల మొఖమేడ చూసినవ్? నక్క బొమ్మ అంటివి గద!"

తగువుకు దిగకుండా నేనే కొత్త యంత్రం నేర్చుకోవడం మొదలుపెట్టాను. వానాకాలమంతా దాని పేగులు లెక్కపెట్టాను. చివరికి గదులు కాకుండా అక్షరాలు లెక్కపెట్టేలా మరమ్మతు చేశాను. తెర మీద 'వేములవాడ బస్సు' కోట్ దగ్గర నారింజ రంగు గీత గీసినట్టు ఆగింది. పంపాను.

ఎర్ర ఇంటూ. తెలుగు నమూనా: విఫలం.

నా పరీక్షే. ఏళ్ల తరబడి నేను మేపిన పరీక్ష నా మీదే సాక్ష్యం చెప్పింది. రంగు పొర్లాలి, నువ్వు పొర్లనివ్వడం లేదు, కాబట్టి నీది తప్పు అన్నది. జవాబు ఫైలు తిరిగి సరిచేద్దామంటే ఇంకో కాపలాదారు ఒప్పుకోవాలి. కొత్తాయన చాలా మర్యాదగా రాశాడు: ఈ లిపి మాకెవరికీ రాదు, చదవలేనిదానికి ఎలా ఒప్పుకుంటాం, తెలుగు తెలిసిన ఇంకో కాపలాదారు ఎవరైనా ఉన్నారా? లేరు. మరి పొర్లిన రంగును అంతకుముందు ఏ లిపి చదివి ఒప్పుకున్నారో ఆయన రాయలేదు. పరీక్షలు పాసయ్యేలా మీ మరమ్మతును సవరించుకోండి అని సలహా ఇచ్చాడు. సవరించడమంటే రంగును మళ్లీ పారించడమే.

అప్పుడు ఇంటామె మాట విన్నాను. నా జీవితంలో మొదటిసారి 'నమస్కారములు' లేకుండా, ముందూ వెనకా ఏమీ లేకుండా, ఇంగ్లీషులో ఒక్కటే మాట రాశాను: వద్దు.

ఈసారి జవాబుకు శుక్రవారం దాకా ఆగలేదు. మీ మాటతీరు కటువుగా ఉంది, మన సమాజంలో ఒకరినొకరు గౌరవించుకుంటాం అని ప్రవర్తన నియమావళి లింకు పంపాడు. నా మరమ్మతును మూసేశాడు.

"గిప్పుడు సమజైంది వాళ్లకు," అన్నది ఇంటామె. ఆమెకు అంతకంటే ఏమీ కావాలనిపించలేదు.

ఈ ఏడు కొత్త బ్యాచి వచ్చింది. మొదటి ల్యాబు. ఊరు పేరు అడిగే ప్రోగ్రాము రాయమన్నాను. కాపలాదారుగా నాకు ఇంకా రోజూ ఉత్తరాలొస్తాయి; అప్పుడే ఒకటి జేబులోని ఫోనులో గుర్రుమంది. తెలుగు నమూనాలతో సహా పరీక్షలన్నీ పాస్, అన్నీ పచ్చ టిక్కులు. ముందు వరసలో ఒక అమ్మాయి తెలుగు ప్రశ్నను ఇంగ్లీషు అక్షరాల్లో టకటకా కొడుతోంది.

"తెలుగుల కొట్టు బిడ్డా. కీబోర్డుల ఉన్నది గదా."

ఆమె తలెత్తకుండానే అన్నది:

"వద్దు సార్. రంగు కారుతదట. సీనియర్లు చెప్పిన్రు."