వడియాల హత్య కేసు

ఇంట్లో చెంచా కనిపించకపోయినా సరే, డాక్టర్ భీమశంకరం గారు అందరినీ హాల్లో కూర్చోబెట్టి తలుపు మూసేసేవారు. "ఎవరూ కదలకూడదు! నేరస్తుడు మన మధ్యే ఉన్నాడు" అనేవారు.

ఈ జబ్బు ఆయనకు టీవీ అంటించింది. అమెరికాలో వాళ్లుండే షామ్‌బర్గ్‌లో శనివారం సాయంత్రాలు పబ్లిక్ చానల్లో ఒక లండన్ హాస్య కార్యక్రమం వచ్చేది. పల్లెటూళ్లో తీరిగ్గా టీ తాగుతూ హత్యలు ఛేదించే సీరియళ్లను అందులో ఒక చిన్న నాటికగా వెక్కిరించేవారు. ఆ డిటెక్టివ్ చర్చి ఫాదరు మొదలు పిల్లి దాకా అందరినీ అనుమానిస్తాడు. హంతకుడు లేచి "నేనే చంపానండీ" అని మొత్తుకున్నా, "మధ్యలో మాట్లాడకండి, మీ టీ చల్లారిపోతోంది" అని కూర్చోబెడతాడు. గుండె డాక్టరుగా రిటైరయ్యాక భీమశంకరం గారు ఆ డిటెక్టివ్‌గా కొత్త ఉద్యోగంలో చేరినట్టే.

స్నేహితుడు కోటేశ్వరరావు గారి గృహప్రవేశం నాడు ఎవరో కొత్త కార్పెట్ మీద పులుసు ఒలకబోశారు. భీమశంకరం గారు అందరూ భోజనాలకు కూర్చున్న గరాజ్ తలుపు దించేసి, పంతులు గారితో మొదలుపెట్టారు.

"హోమం అయ్యాక మీ చెయ్యి ఎందుకు వణికింది?"

"ఆకలేసి నాయనా!"

మూడు రకాల స్వీట్లు చల్లారాక, నేరం వాక్యూమ్ క్లీనర్ మీద తేలింది.

పెళ్లికి ముందు ఇవన్నీ విని, ఆయనకు కాబోయే కోడలు తన్వి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. 2009 ఆగస్టులో ఆ మధ్యాహ్నం మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. కాపురానికొచ్చి నెల కాలేదు. అత్తగారు రాధారాణి గారి పుట్టినరోజు. ఆవిడ గుడి నుంచి వచ్చేలోగా కేకు చేసిపెడదామని ఓవెన్ వేసింది. లోపల ప్లాస్టిక్ డబ్బాలో గుమ్మడి వడియాలున్నాయి. రాధారాణి గారు వేసవంతా ఇంటి వెనక చెక్క డెక్ మీద గొడుగేసుకు కూర్చుని, ఉడతల్ని తోలుతూ ఎండబెట్టుకున్న వడియాలు. ఇప్పుడు డబ్బా, వడియాలు ఒకటే నల్లటి ముద్ద. స్మోక్ అలారం గోల.

"మామయ్యా, మా మామ్ కూడా ఓవెన్‌లో మూకుళ్లు దాస్తుంది. ఐ న్యూ! తెలిసి కూడా చూడటం మర్చిపోయాను. అత్తయ్య నన్ను ఇంక కిచెన్‌లోకి రానివ్వదు."

"ష్! సాక్ష్యాలు ముట్టుకోకు" అన్నారు ఆయన, అలారానికి పేపరుతో విసురుతూ.

గరాజ్ తలుపు చప్పుడైంది.

"ఏమిటీ కంపు?" రాధారాణి గారు లోపలికొస్తూనే ఓవెన్ చూశారు. "అయ్యో నా వడియాలు! ఎవరు వేశారు దీన్ని?"

"ఎవరూ కదలకూడదు!" భీమశంకరం గారు తలుపు మూశారు. మేడ మీది నుంచి కొడుకు ప్రణవ్‌ను కూడా దింపించారు. "ఏరా, చిన్నప్పుడు వడియం కొరికి పన్ను ఊడిందని నీకు పగ!"

"నాన్నా, ఐ యామ్ ఆన్ ఎ కాల్."

తన్వి లేచింది. "మామయ్యా, నేనే..."

"నీ వంతు రాలేదమ్మా, కూర్చో."

"అత్తయ్యా, యాక్చువల్లీ..."

"సాక్షిని బెదిరించకు! రాధా, ఇక నీ విషయం. గుడిలో పులిహోర రెండుసార్లు ఎందుకు పెట్టించుకున్నావు? చేతిలో ఆ పొట్లం ఎవరికోసం?"

"మీకోసమేనండీ, మీ మొహానికి!"

ఆయన గొంతు సవరించుకున్నారు. "అయితే హంతకుడు నేనే. చలేసి ఓవెన్ వేశాను."

"ఆగస్టులోనా?"

"పెద్దతనం కదే."

"ఏదీ, ఇంకోసారి వేసి చూపించండి."

భీమశంకరం గారు ధీమాగా వంటింట్లోకి వెళ్లి ఏదో గుండ్రటిది తిప్పారు. డిష్‌వాషర్ గర్రుమంది.

రాధారాణి గారు తన్వి వైపు తిరిగారు. ఆ అమ్మాయి నుదుటి మీద మైదాపిండి, కళ్లలో నీళ్లు.

"ఈయన విచారణ పెట్టారంటే, అసలు మనిషిని వెనకాల దాచేస్తున్నారని అర్థం. రిటైరైన దగ్గర్నుంచీ చూస్తున్నా" అన్నారు రాధారాణి గారు. "సరే, మీరే ఒప్పుకున్నారుగా. గుమ్మడికాయ కొనుక్కొచ్చి, మీరే తరగండి."

తర్వాత కోడలి మొహం పైటకొంగుతో తుడిచారు. "కేకు మొదలుపెట్టు తల్లీ, కొవ్వొత్తులు నేను వెతుకుతా. ఓవెన్ వేసేముందు కాస్త చూసుకో, దాని కింది సొరుగులో జంతికల గొట్టం కూడా ఉంది."