తిన్నని హ్యాండిల్, వంకర భుజం

పాత ఇళ్లు పడగొట్టి బతికే ఆ మనిషిని ఊళ్లో అందరూ భూకంపం అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో క్షేమంగానే ఉంది. ఎవరూ వాడకపోవడంతో ఇంకా కొత్తదానిలా ఉంది. వయసు నలభై ఆరు. పొట్టివాడు, మెడ మరీ పొట్టి. గోడ ముందు నిలబెట్టి చేతికి సమ్మెట ఇస్తే, ఆ గోడ ఎక్కడ మొదట కుంగుతుందో, ఎటు ఒరుగుతుందో, ఎన్ని దెబ్బలకు ప్రాణం విడుస్తుందో ముందే చెబుతాడు. అతని జోస్యాన్ని ఇంతవరకు ఒకే ఒక్క గోడ ధిక్కరించింది. దాని సంగతి తరువాత వస్తుంది.

ఆరు రోజులు గోడలను కొట్టే భూకంపం ఏడో రోజు తనే దెబ్బలు తినడానికి ఊరి బయటి పాత రాతిగనికి వెళతాడు. అక్కడ ట్రయల్స్ బండి నడుపుతాడు. ఆ బండికి సీటు ఉండదు; కూర్చోవాలన్న ఆశ ఉన్నవాళ్ల కోసం కాదది. రెండు ఇనుప మెట్ల మీద పాదాలు ఆన్చి నిలబడి, నడక వేగంతో, బండరాళ్ల మీదికీ దుంగల మీదికీ బండిని ఎక్కించాలి, దించాలి. కాలు నేలకు ఆనితే తప్పు. తప్పులు తక్కువ చేసినవాడే గెలిచినట్టు. సంసారం చేసినవాళ్లకు ఈ పద్ధతి వేరే వివరించనక్కర్లేదు.

గనిలో ఆఖరి రాయిని ఆటగాళ్లు మామగారు అంటారు. ఛాతీ ఎత్తు, నిటారు మొహం, ఎవరు వచ్చినా ఒకే చూపు. మామగారికి కాలు తగలకూడదు కదా. ఆయనకు కాలు తగలకుండా పైకెక్కినవాళ్లు ఇప్పటివరకు ముగ్గురు. ఒకాయన మోకాలి చిప్ప అక్కడే వదిలేసి ఆట మానుకున్నాడు. ఇంకొకాయన బండి అమ్మేసి చేపల తొట్లు పెట్టుకున్నాడు. మూడోవాడు భూకంపం. జీవితంలో అతను సంపాదించుకున్న గౌరవమంతా ఆ రాయి నెత్తిన ఉంది. ఏటేటా వెళ్లి తెచ్చుకుంటూ ఉండాలి.

ఈ ఏడు వేసవికి ముందు పాత బండి ఇంజను రెండుగా పగిలి, ఇనుప సామానువాడి బట్టీకి పోయింది. కొత్త బండి వచ్చింది. వచ్చిన రోజు నుంచీ అది భూకంపాన్ని కొడుతోంది.

మొదటి సాయంత్రమే పెరట్లో మోకాలెత్తు దుంగ ఎక్కించబోతే ముందు చక్రం ఎడమకు మెలిక తిరిగి, హ్యాండిల్ మధ్యలోని బోల్టు గడ్డంలో దిగింది. నాలుగు కుట్లు. మెకానిక్ వచ్చి హ్యాండిల్‌ను బిగింపులో కాస్త ముందుకు తిప్పాడు. ఈసారి ఎడమ మోకాలి చర్మం రాతి మీద మిగిలిపోయింది. వెనక్కి తిప్పాడు. ఎడమ చీలమండ పగిలింది. చీలమండ బాగయ్యాక హ్యాండిల్ కింద దిమ్మలు పెట్టి ఎత్తు పెంచాడు, క్లచ్ పిడిని కిందికి వంచాడు. ఆ పిడికీ రాతికీ మధ్య ఎడమ చేతి వేళ్లు రెండు నలిగి, పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడు చేశాయి. మెకానిక్ చివరికి రసమట్టం తెచ్చి హ్యాండిల్ మీద పెట్టాడు. బుడగ నడిమధ్యలో కదలకుండా నిలబడింది. శాస్త్రప్రకారం బండిలో దోషమేమీ లేదని తేల్చి, టీ తాగి వెళ్లిపోయాడు.

భూకంపం భార్య ఆసుపత్రిలో పిండికట్లు కట్టే గదిలో ఇరవై ఏళ్లుగా పని చేస్తోంది. ఊళ్లో సగం ఎముకలు ఆవిడ చేతి మీదుగా అతుక్కున్నవే. చీలమండకు కట్టు కట్టింది ఆవిడే. వేళ్లకు కట్టేటప్పుడు పిండి తడుపుతూ నెమ్మదిగా చెప్పింది.

"ఇది రెండోది. ఆ బండి వల్ల మన ఇంటి మనిషికి ఇంకొక్క పిండికట్టు కట్టానంటే, బండి కొన్న చోటికే పోతుంది. ఆ తర్వాత ఆదివారాలు నాతో పాటు బట్టలు ఉతుకుదురు గాని."

ఆవిడ గొంతు పెంచి చెప్పినవి మరచిపోవచ్చు. నెమ్మదిగా చెప్పింది శాసనం. వేళ్ల కట్టు ఊడేసరికి గనిలో ఏటా జరిగే పోటీకి పది రోజులే ఉంది.

ఇక ఆ ధిక్కరించిన గోడ సంగతి. భూకంపానికి ఒక అన్న ఉన్నాడు, ఎనిమిదేళ్లు పెద్ద, అదే వృత్తి. తొమ్మిదేళ్ల కిందట ఇద్దరూ కలిసి ఒక పాత మిల్లు పడగొడుతున్నారు. లోపలి గోడ ముందు కొట్టాలన్నాడు అన్న. వీధి వైపు గోడ ముందన్నాడు భూకంపం, అది బయటికే ఒరుగుతుందని గీత గీసి మరీ చూపించాడు. అన్న భోజనానికి కూర్చున్నప్పుడు, తన మాట నెగ్గించుకుందామని భూకంపం సమ్మెట ఎత్తాడు. గోడ లోపలికి ఒరిగింది. అన్నకు మూర దూరంలో పడి, అన్నం గిన్నెను కాగితంలా చదును చేసింది.

ఆ దుమ్ములోంచి అన్న గునపంతో బయటికి వచ్చాడు. భూకంపం తన పాత ట్రయల్స్ బండి ఎక్కాడు; ఆ రోజుల్లో పనికీ దాని మీదే వచ్చేవాడు. సాధారణంగా ఒక్క తన్నుకే స్టార్టయ్యే బండి ఆ రోజు మూడు తన్నులు అడిగింది. రెండో తన్నుకూ మూడో తన్నుకూ మధ్య గునపం అతని ఎడమ భుజం మీద పడింది. భుజం ఎముకను విరిచి, జారి, మిగిలిన బలంతో హ్యాండిల్ ఎడమ కొసను వెనక్కీ కిందికీ వంచింది. భూకంపం కుడి చేత్తో హెల్మెట్ విసిరి అన్న ముందు పళ్లు రెండు రాల్చాడు. అక్కడితో భాగస్వామ్యం ముగిసింది. తరువాత ఇద్దరూ కలిసి ఒకే ఒక్క పని చేశారు: ఉమ్మడి పెరట్లో ఛాతీ ఎత్తు గోడ కట్టారు, చెరొక కొస నుంచీ, మాటల్లేకుండా. జీవితంలో వాళ్లు కట్టిన గోడ అదొక్కటే. అందుకే అది వంకరగా ఉంటుంది.

అన్న కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. భూకంపం భుజం అతుక్కుంది, రెండు వేళ్ల మేర కురచగా. వంగిన హ్యాండిల్‌ను మాత్రం అతను మార్చలేదు. సాక్ష్యాన్ని తారుమారు చేయకూడదన్నాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ వంకర చూపించి, ఇది మా పక్కింటాయన పని అని చెప్పేవాడు. చెబుతూ, చూపిస్తూ, నడుపుతూ, అది వంకరన్న సంగతి అతని చేతులు మరచిపోయాయి.

పోటీకి వారం ముందు, సాయంత్రం, భూకంపం పెరట్లో సిమెంటు దిమ్మ ఎక్కించబోయాడు. ముందు చక్రం లేచింది, ఎడమకు తిరిగింది. బండి అతని మీద పడి, వేడి గొట్టం పిక్కను కాల్చింది. చర్మం కాలిన వాసన వచ్చింది. అతను నిదానంగా లేచాడు. షెడ్డులోకి వెళ్లి సమ్మెటతో తిరిగి వచ్చాడు. ఇంజను ఎక్కడ మొదట పగులుతుందో వృత్తిధర్మంగా చూసుకుని, సమ్మెట తల మీదికెత్తాడు.

గోడ అవతల రోజూ సాయంత్రం కుర్చీ వేసుకుని ఈ పతనాలన్నీ చూస్తున్న మనిషి తొమ్మిదేళ్ల తరువాత నోరు తెరిచాడు.

"హ్యాండిల్ తిన్నగానే ఉందిరా. నువ్వే తిన్నగా లేవు."

సమ్మెట దిశ మార్చుకుంది. గోడలో నాలుగు ఇటుకలు ఎగిరిపోయాయి, ఆ వెంటనే భూకంపం గోడ దూకాడు. తొమ్మిదేళ్ల పాటు దాచుకున్న మాటలన్నీ ఇద్దరూ చేతులతోనే చెప్పుకున్నారు. అన్న పిడికిలికి భూకంపం గడ్డం మీది పాత కుట్ల మచ్చ మళ్లీ విచ్చుకుంది. భూకంపం తల అన్న ముక్కు మీద దిగింది. ఇద్దరూ కుర్చీని విరిచి, ఆ కోళ్లతో కాసేపు సంభాషించుకున్నారు. భూకంపం భార్య వచ్చి గోడ మీంచి బకెట్టు నీళ్లు కుమ్మరించాక చర్చ కొంత చల్లబడింది.

అన్న ముక్కు పట్టుకుని నేల మీదే కూర్చుని చెప్పాడు. గోడ ఎటు పడుతుందో చూస్తే లోపం ఎటుందో తెలుస్తుంది, మనిషైనా అంతే. నాలుగు నెలలుగా చూస్తున్నాడు, తమ్ముడు ఒక్కసారి కూడా కుడివైపు పడలేదు. ముందు చక్రం లేపడానికి వెనక్కి వాలగానే కురచ చెయ్యి ముందుగా బిగుసుకుని హ్యాండిల్‌ను ఎడమకు లాగేస్తోంది. పాత హ్యాండిల్ వంగి ఉండటంతో చేతికి అందేది. కొత్తది అందడం లేదు.

"రెండూ ఒక్క దెబ్బకే వంగాయిరా," అన్నాడు అన్న. "నాకు తెలీదా? కొట్టింది నేను."

"నాకూ తెలుసు బావగారూ," అంది ఆవిడ ఖాళీ బకెట్టుతో. "అతికించింది నేను. ఈయనకు ఇరవైసార్లు చెప్పాను భుజం కురచ అని. అయినా బండినే తప్పు పట్టారు."

మర్నాడు మెకానిక్‌కు కబురు వెళ్లింది. కొత్త హ్యాండిల్ తేలిక లోహం, వంచితే విరుగుతుందన్నాడు. ఉక్కు గొట్టంతో చేసిన హ్యాండిల్ ఒకటి తెచ్చి బిగించాడు. దాన్ని వైసులో బిగించి కొలత ప్రకారం కొంచెం కొంచెంగా వంచుతానన్నాడు. రెండు రోజులు వంచాడు. భూకంపం రెండు రోజులూ పడ్డాడు, ఎడమవైపే, కాకపోతే కాస్త మర్యాదగా.

అన్న ఇక ఆగలేక, మిల్లు దగ్గర ఆ రోజు వాడిన గునపమే తీసుకుని, గోడకు పడ్డ కంతను దాంతోనే పెద్దది చేసి, అందులోంచి వంగి వచ్చాడు. మెకానిక్‌ను ఇంకో తిన్నని ఉక్కు హ్యాండిల్ బిగించమన్నాడు. తమ్ముణ్ణి బండి మీద, ఆ రోజు నిలబడినట్టే నిలబడమన్నాడు. మనిషి పైన లేకపోతే తన చేతికి కొలత తెలియదట.

భూకంపం ఎక్కాడు. తొమ్మిదేళ్ల కిందటి భుజం ఆ గునపాన్ని గుర్తుపట్టి దానంతట అదే ముడుచుకుంది.

"పిడికిలి లోపలికి జరుపుకో. అంత కాదు. రెండు వేళ్లు చాలు."

"రెండు వేళ్ల దూరంలో కొడతావా?"

"ఎక్కువ జరిపితే వంపు చోటు మారిపోతుంది."

"కళ్లు మూసుకోనా అన్నయ్యా?"

"నీ ఇష్టం. నేనైతే మూసుకోను."

మెకానిక్ మొహం తిప్పుకున్నాడు. శాసనం చేసిన ఆవిడ మాత్రం గడప మీద నిలబడి భర్త పిడికిలినే చూస్తోంది. అందులో ఎన్ని ఎముకలున్నాయో, అవి విరిగితే అతకడానికి ఎన్ని వారాలో ఆవిడకు తెలుసు. అన్న కాళ్లు ఎడంగా పెట్టి, గునపం వెనక్కి తీసి, ఎంత కోపం కావాలో అంతే గుర్తుచేసుకుని కొట్టాడు.

దెబ్బకు బండి మొత్తం అడుగు పక్కకు జరిగింది. భూకంపం చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. చేతి వెనక రోమాలు గునపం గాలికి లేచాయి గాని చర్మం చెదరలేదు. హ్యాండిల్ కొస వెనక్కీ కిందికీ వంగింది. భూకంపం చెయ్యి వెళ్లి దాన్ని పట్టుకుంది, పాత చెప్పులో కాలు దూరినట్టు. సిమెంటు దిమ్మ ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఎక్కాడు. పడలేదు.

ఆదివారం గనిలో పోటీ. ప్రతి ఆటగాడికీ, బండి జారితే పట్టుకోవడానికి రాతి పైన ఒక మనిషిని నిలబెట్టుకునే హక్కుంది. ఇన్నేళ్లూ భూకంపం ఎవరినీ నిలబెట్టుకోలేదు. ఈసారి మామగారి నెత్తిన ఉబ్బిన ముక్కుతో అన్న నిలబడ్డాడు.

భూకంపం పది గజాల వెనక బండి ఆపి, మెట్ల మీద నిశ్చలంగా నిలబడ్డాడు. ముందుకు వదిలాడు. రాతి పాదం దగ్గర వెనక్కి వాలి లాగాడు. ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ ఒకేసారి బిగుసుకున్నాయి, చక్రం తిన్నగా లేచింది. వెనక చక్రం రాతి మొహాన్ని కరిచి, నిప్పురవ్వలు రాల్చి, బండిని పైకి విసిరింది. కొత్త ఇంజను బలం పాతదానికి రెండింతలని ఆ క్షణం దాకా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. జారిపోయే బండి కోసం చెయ్యి చాచిన అన్న మీదికి దూసుకొచ్చే బండి వచ్చింది. చక్రం అతని కుడి మణికట్టును లోపలికి మడిచేసి, నోటికి తగిలింది. కట్టుడు పళ్లు రెండూ గని అడుక్కి వెళ్లాయి. అన్న వెల్లకిలా పడ్డాడు, కాని ఎడమ చేత్తో పట్టుకున్న బండిని మాత్రం వదల్లేదు.

తప్పులు లెక్కపెట్టే పరిశీలకుడు పిడికిలి బిగించి పైకెత్తాడు. ఆ ఆటలో ఒక్క తప్పూ లేదనడానికి అదే గుర్తు.

"కాలు పెట్టలేదు గదా?" అన్నాడు అన్న, నోట్లోంచి రక్తం ఉమ్మి.

"పెట్టలేదు అన్నయ్యా."

పిండికట్ల గదిలో ఆవిడ ఆ ఆదివారం పనిలోనే ఉంది. రిజిస్టర్ తెరిచి వయసు రాసింది, కుడి మణికట్టు అని రాసింది, దెబ్బ ఎలా తగిలిందో అడిగి బండి అని రాసింది. ఆ మాట దగ్గర కలం ఆపి భర్త వైపు చూసింది.

"నేనన్న మాట గుర్తుందా?"

భూకంపానికి గుర్తుంది. ఆ కట్టు మన ఇంటి మనిషికి కట్టినది కాదనిపించుకోవడానికి అతను చెప్పాల్సింది ఒక్క మాట. తొమ్మిదేళ్లుగా కొట్టు దగ్గరా, గని దగ్గరా, దారిన పోయేవాళ్ల దగ్గరా అలవోకగా చెప్పిన మాట. ఇప్పుడది నోటికి రాలేదు. 

"గుర్తుంది. రేపు బండి ఇచ్చేసి వస్తా," అన్నాడు.

బల్ల మీద పడుకున్న అన్న, ముందు పళ్లు లేని నోటితో, తల ఎత్తకుండానే కల్పించుకున్నాడు.

"వాడి మాట పట్టించుకోకమ్మా. నేను పక్కింటివాణ్ణి. తొమ్మిదేళ్లుగా. నమ్మకపోతే వెళ్లి గోడ చూసుకో."

ఆవిడ ఇద్దరినీ ఒకసారి చూసింది. చిరునామా గడిలో పక్కింటి నంబరు వేసి, రిజిస్టర్ మూసి, పట్టీలు నీళ్లలో ముంచింది. అన్న చేతిని మణికట్టుకు అటూ ఇటూ పట్టుకుని, ఎముకను సరిపెట్టడానికి పాదాలు నేలకు తన్నిపెట్టింది.

"అలా చూస్తారేం," అంది భర్తతో. "మీ అన్నయ్యను గట్టిగా పట్టుకోండి." అని లాగింది.