మోవర్ కిందికి వెళ్ళిన స్ట్రాబెర్రీ మడి

న్యూజెర్సీలో మా ఇంటి వెనక స్ట్రాబెర్రీ మడి వేసింది నేనే. రెండేళ్లు చర్చిలో అందరికీ పంచేంత కాసింది. మూడో ఏడు మాత్రం పండ్లు బఠాణీ గింజలంత అయిపోయాయి. తీగలు ఒకదానిమీద ఒకటి పాకి, మడిలో కాలు పెట్టే చోటు లేకుండా అల్లుకుపోయాయి.

"ఇంక పీకేద్దాం. అక్కడ కూర్చోడానికి రాళ్ళు పరిచి పేటియో వేయిద్దాం," అన్నారు మావారు.

నాకు మనసొప్పలేదు. మేం పండ్లు కోసుకోవడానికి వెళ్ళే ఫామ్‌లో అడిగాను. కోత అయిపోగానే ఆకులన్నీ కోసేసి, ముదిరిన మొక్కలు తీసేసి, వరసలు సన్నం చేయమన్నారు. చిగురు పుట్టే మొదలు మాత్రం తెగకూడదట.

జూన్ చివరి శనివారం గడ్డి కోసే లాన్ మోవర్ బయటికి తీసి, బ్లేడు బాగా ఎత్తుకి పెట్టాను. మావారు కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చారు.

"గడ్డి ఇటు కదా! అటు తోస్తున్నావేంటి?"

"మడి మీదకే."

"బతికున్న మొక్కల మీద మోవరా? నీకేమన్నా పిచ్చా?"

"పీకేద్దామన్నది మీరే కదండీ!"

మోవర్ స్టార్ట్ చేశాను. పచ్చటి ఆకులు తుక్కుతుక్కై ఎగురుతుంటే చూడలేకపోయాను. అయినా ఆపలేదు. తర్వాత పారతో వరసల అంచులు చెక్కాను, కాండం చెక్కలా గట్టిపడిన మొక్కలను పీకేశాను, కంపోస్ట్ చల్లి నీళ్ళు పెట్టాను. సాయంత్రానికి నడుం పట్టేసింది. మడిలో మిగిలినవి గోధుమరంగు మోళ్ళే.

మర్నాడు చర్చి నుంచి భోజనానికి వచ్చిన ఒక ఆంటీ మడి చూసి, "అయ్యో, మొక్కలన్నీ చచ్చిపోయాయా అమ్మా?" అంది.

"చావలేదండీ, చంపేసింది," అన్నారు మావారు. అందరితో పాటు నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

రోజూ ఆఫీస్‌కి లాగిన్ అయ్యే ముందు నీళ్ళు పెట్టేదాన్ని. ఒక ఉదయం ఒక మోడు మధ్యలో, విసనకర్రలా మడుచుకున్న లేత ఆకు కనిపించింది. గట్టిగా అరిచాను. పామేమో అనుకుని మావారు మీటింగ్ మధ్యలోంచి హెడ్‌సెట్‌తోనే పరుగెత్తుకొచ్చారు.

"బతికాయండీ! చూడండి!"

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని వరసంతా వెతికారు. "ఇక్కడ కూడా వచ్చిందే! ఇదిగో, ఇక్కడ కూడా!"

మరుసటి జూన్‌లో గిన్నెలు చాలలేదు. చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా తెచ్చుకుని కోశాం. చర్చిలో ప్రార్థన ముగిసేసరికి పిల్లల తెల్ల చొక్కాలన్నీ ఎర్రటి మరకలే. వాళ్ళ తల్లులు తిట్టుకుంటూనే తలా రెండు నోట్లో వేసుకున్నారు.

అన్నిటికంటే పెద్ద పండు మాత్రం ఎవరికీ పంచలేదు. కోసిన చోటే, మడి మధ్యలో నిలబడి, రసం మోచేతి దాకా కారుతుంటే నేనే తినేశాను.