పొట్ట పీల్చుకున్న ఇల్లు

రోడ్డు మీద ఏనుగు నడిచి వెళ్తుంటే కిటికీలోంచి ఒక్క చూపు చూసి దానికి జాకెట్ కుట్టేయగలదు మా అమ్మమ్మ. చంక దగ్గర ముడత కూడా పడదు. అంతటి మనిషీ ఇల్లు మారేటప్పుడు పప్పులో కాలేసింది.

కొత్త ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. సామాను చూసి ఖర్చెంతో చెప్పడానికి ప్యాకర్ల మనిషి వస్తున్నాడనగానే, వచ్చేవాడు చూసి నవ్విపోతాడని ఇల్లంతా సర్దిపడేసింది. బట్టల మూటలు అటకెక్కాయి. గిన్నెలు మంచం కిందికి దూరాయి. దారం డబ్బాలు పక్కింటి వదిన వరండాకి చేరాయి.

"సామాను తక్కువేనండీ, చిన్న బండి చాలు" అని కాగితం మీద అంకె వేసిచ్చి వెళ్ళాడతను. అమ్మమ్మ పొంగిపోయింది.

సాయంత్రం కాగితం మళ్ళీ చదివితే అడుగున ఒక ముక్క కనిపించింది: చూపించిన సామానుకే ఈ ధర, మిగతాది బండిలో చోటుంటేనే.

ఇక కాలుగాలిన పిల్లే. అటక కేసి చూస్తుంది, వాకిట్లోకి వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. బడి యూనిఫారాలు పూర్తయ్యేదాకా కుట్టు మిషన్ ఆగదు. అంటే బండెక్కేది అన్నిటికన్నా చివర. చోటు చాలకపోతే వీధిలో మిగిలేదీ అదే. అది లేని ఇంట్లో పొయ్యి వెలగదు.

మర్నాడు ఒకావిడ జాకెట్ కొలతకొచ్చి ఊపిరి బిగబట్టి నిలబడింది.

"వదులమ్మా! ఇప్పుడు పొట్ట పీల్చుకుని, రేపు కుట్లు పిగిలితే నా మీద పడతావు" అంది అమ్మమ్మ అలవాటుగా.

అన్నాక టేపు చేతిలోనే ఆగిపోయింది. ఫోనందుకుంది.

"బాబూ, నిన్న మా ఇల్లు పొట్ట పీల్చుకుని నిలబడింది. మళ్ళీ వచ్చి కొలుచుకో."

అతనొచ్చి అటక చూసి నోరు తెరిచాడు. "ఇదంతా ఎక్కడ దాచారమ్మా?"

"దాచలేదు నాయనా, సర్దాను."

చిరునామా రాసుకుంటూ, "మరి కొత్త ఇల్లు మూడో అంతస్తని చెప్పలేదేం?" అన్నాడు.

"నువ్వడిగావా?"

పెద్ద బండి, మెట్లకు అదనపు కూలి. అంకె పెరిగింది, అమ్మమ్మ ముఖం ఆముదం తాగినట్టయింది. అయినా మిషన్ పేరు మొదటి వరుసలో రాయించింది. బండి కదిలేదాకా దాని పక్కనే నిలబడి, ఎవరు ముట్టుకున్నా ఉలిక్కిపడింది.

ఇదంతా రాసి వినిపిస్తే అమ్మమ్మ సూది ఆపలేదు.

"అబద్ధాలకోరూ! ఏనుగైనా సరే, వచ్చి నిలబడందే నేను కత్తెర పట్టను. పోయి ఆ పెట్టెలు విప్పు."