బావ విప్పనివ్వని సంచి

మా బావ పోయి నెల దాటింది. ఆసుపత్రి వరండాలో అక్కా నేనూ కూర్చుని ఉండగా నర్సు వచ్చి చెప్పింది. కాలి పుండు నుంచి విషం ఒళ్ళంతా పాకిందట. అక్క వెంటనే ఏడవలేదు. తల తిప్పి నా ముఖంలోకి చూసింది. ముందు రోజు డాక్టరు "షుగర్ ఎన్నాళ్ళుగా ఉంది?" అని అడిగితే, "మా ఇంటాయనకి అలాటివేవీ లేవు బాబూ" అని చెప్పింది. అప్పుడు నేను గోడ వైపు చూశాను. అది ఆమె కనిపెట్టింది.

ఆయన గురించి రాసే అర్హత నాకు ఉందో లేదో చదివాక మీరే తేల్చండి.

పాతపట్నం దగ్గర రెండెకరాల మెట్టలో చోళ్ళు (రాగులు), ఉలవలు పండించుకునే మనిషి బావ. ఏటా చలికాలంలో కోతలయ్యాక నన్నూ, నా స్నేహితులిద్దరినీ మహేంద్రగిరికి తీసుకెళ్ళేవాడు. మూడు రోజుల నడక, గుడారంలో పడక. తిండి ఏర్పాటంతా ఆయనదే. చోళ్ళు వేయించి తిరగలిలో విసిరిన పిండి, అటుకులు, బెల్లం, వేరుశనగ గుళ్ళు, గుప్పెడు ఎండు రొయ్యలు. అన్నీ తక్కెడలో తూచి పూటకొక పొట్లం కట్టేవాడు. మంట అంటుకుంటే ఆ పిండి జావ అవుతుంది, లేకపోతే బెల్లంతో ముద్ద అవుతుంది. నలుగురికీ ఒకటే గిన్నె. ఎంత తక్కువ మోసుకుని ఎంత దూరం నడవొచ్చో నాకు ఆయన వల్లే తెలిసింది.

బావకి దేని మీదా నమ్మకం లేదు. దుకాణంలో ప్యాకెట్టును చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఇందులో సగం గాలేరా" అనేవాడు. ఆకాశం నిర్మలంగా ఉన్నా పిండికి రెండు కవర్లు తొడిగేవాడు. తేటగా పారే గెడ్డ నీళ్ళయినా మరిగితే గాని తాగనిచ్చేవాడు కాదు. ఇక మమ్మల్నయితే అసలే నమ్మేవాడు కాదు. బస్సెక్కే ముందు సంచులన్నీ విప్పించేవాడు. ఒకసారి నా సంచిలో ఆవకాయ సీసా దొరికింది.

"ఏటిది?"

"ఆ పిండి తింటే నాలిక సచ్చిపోతాది బావా."

"సీసా బరువు కూడా తింతావేటి?" అని, నాలుగు చెంచాల ఆవకాయ ఆకులో కట్టి సీసా వెనక్కి పంపేశాడు. "కొండ మీద నాలిక మాట ఇనకు. కాళ్ళనడుగు."

అందరి సంచులూ విప్పే మనిషి తన సంచి మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మాకు బెల్లం, అటుకులు పంచి, "నాకు తర్వాత" అంటూ సంచి తీసుకుని బండ చాటుకి పోయేవాడు. రెండేళ్ళ కిందట ఇది మరీ ఎక్కువైంది. "మీ బావ కోడి వేపుడు తెచ్చుకున్నాడ్రా" అన్నాడు ఒక స్నేహితుడు. నవ్వాను గాని, నాకూ అనుమానం పట్టుకుంది. గాలి మా వైపు వీచినప్పుడల్లా వాసన చూసేవాణ్ణి. రెండో రోజు పొద్దున్న ఆయన నీళ్ళకని గెడ్డలోకి దిగగానే సంచి విప్పాను.

వేయించిన ఉలవలు. వాటి కింద మందుల కవరు. మాత్రల అట్ట వెనక అక్షరాలు చదువుతుండగానే ఆయన వచ్చేశాడు.

"దొరికిందేటి కోడి?"

ఆయన గిన్నె కింద పెట్టి నా పక్కన కూర్చున్నాడు.

"సుగరు. మూడేళ్ళయింది. మోటారు షెడ్డులో దాసుకుని మింగుతన్నాను. మీ అక్కకి సెప్పకు. తెలిస్తే మరి కొండెక్కనిస్తాదేటి?"

చెప్పనన్నాను. ఆ తర్వాత కలిసినప్పుడల్లా "మందులేసుకుంటన్నావా?" అని చెవిలో అడిగేవాణ్ణి. "ఏసుకుంటన్నాన్రా" అనేవాడు. ఎవర్నీ నమ్మని మనిషిని నేను నమ్మాను. చివర్లో కాలికి గుడ్డ చుట్టుకుని ముల్లు గుచ్చుకుందని అక్కతో అన్నాడట. నాకూ ఫోనులో అదే చెప్పాడు. ముల్లే అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక.

పదకొండో రోజు భోజనాలయ్యాక అక్క నన్ను వంటింట్లో పట్టుకుంది.

"నీకు తెల్సు కదా? నిజం సెప్పు."

కొండ మీద జరిగింది చెప్పాను.

"డాక్టరుకి లేదని సెప్పాను గాని, నాకూ అనుమానంగానే ఉండీది. టీలో పంచదార తగ్గిస్తా వచ్చాను. ఇదేటని ఒక్కపాలి అడగలేదు మీ బావ. నేనూ అడగలేదు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నువ్వొక్క మాట సెప్పుంటే ఈడ్సుకుపోదును కదరా ఆసుపత్రికి."



మొన్న ఆదివారం వెళ్ళాను. అక్క ఇంకా నాతో సరిగా మాట్లాడదు. గుమ్మం దగ్గరే ఆపేసింది.

"సెప్పులిప్పు."

"ఎందుకక్కా?"

"ఇప్పమన్నానా?"

వెలుతురు పడేచోట పీట వేసి కూర్చోబెట్టింది. నా కుడి పాదం ఒళ్ళోకి లాక్కుని, అరికాలు ఎండకు తిప్పి, వేలూ వేలూ విడదీసి చూసింది. తర్వాత ఎడమ పాదం అందుకుంది.