ఇద్రీస్ వద్దన్నాడు

ఇద్రీస్ మాట ఎవరైనా ఎత్తితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరవాత ఏడుపు వస్తుంది. ఏడుపు నలుగురికీ కనబడకుండా కోపాన్నే కాస్త ఎక్కువసేపు లాగుతుంటాను. మా ఆవిడకు ఈ సంగతి తెలుసు. నేను కేకలేస్తుంటే మంచినీళ్ల గ్లాసు పక్కన పెట్టి, మారుమాట్లాడకుండా లోపలికి వెళ్లిపోతుంది.

అతని కొట్టు వన్ టౌన్‌లో, కోటవీధి పక్క సందులో ఉండేది. తండ్రి జట్కా గుర్రాలకు జీన్లు కుట్టిన మనిషి. ఊళ్లో జట్కాలు తగ్గి ఆటోలు పెరిగాక ఇద్రీస్ తోలు సంచులూ బెల్టులూ కుట్టుకుని బతికాడు. మా క్లబ్బు ఫుట్‌బాల్ ఎప్పుడు చిరిగినా అతని చేతికే వెళ్లేది.

క్లబ్బు పేరు మార్కెట్ స్టార్స్. పేరు చూసి మోసపోకండి. పోర్టు కలాసీలు, మసాలా కొట్ల గుమస్తాలు, చేపల బేరం వాళ్ల కొడుకులు, వీళ్లే ఆ స్టార్స్. నా పేరు జగ్గారావు. పోర్టు గోదాములో పని చేసుకుంటూ, ఒంట్లో ఓపికున్నన్నాళ్లు ఆ టీముకు గోల్‌కీపర్‌గా నిలబడ్డాను. ఇద్రీస్ కుడి అంచున, రైట్ అవుట్ ఆడేవాడు. గొప్పగా ఆడేవాడనుకునేరు! పాపం, ఆడింది తక్కువ, గట్టు మీద ఎక్స్‌ట్రాగా కూర్చున్నది ఎక్కువ. అయినా ఒక్క ప్రాక్టీసు మానేవాడు కాదు. పెళ్లయిన మర్నాడు పొద్దున్నే గ్రౌండుకు వచ్చేస్తే, "ఓరి నీ ఇల్లు బంగారం గాను, ఇంటికెల్లరా బాబూ!" అని మేమే తరిమాం.

అతనికో జబ్బుండేది. అతనొక్కడికే ఏమిటి లెండి, మా పేటలో పాతవాళ్లందరికీ ఉండేది. ఎవరేం ఇస్తామన్నా ముందు వద్దనాలి. టీ తాగుతావా అంటే వద్దు. అన్నం తింటావా అంటే ఇప్పుడే తిన్నాను. రెండోసారి అడిగితే అబ్బే. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు కూర్చునేవాడు. కూర్చున్నాక గిన్నెలో మరొకరికి మిగలదు, అది వేరే సంగతి! ఒక్క మాటకే ఊఁ అంటే ఆశపోతు అనుకుంటారని భయం. చివరికి పెళ్లికి కూడా రెండుసార్లు వద్దన్నాడట. "మా అబ్బాకి ఓపికుండబట్టి సరిపోనాది భయ్యా. నేకపోతే ఈ మనిషి ఇప్పటికీ ఒంటిగానే ఉందురు" అని అతని భార్య గుల్జార్ బేగం నవ్వేది. వాళ్లకు పిల్లల్లేరు. ఇంట్లో ఆమె, బయట క్లబ్బు, అంతే అతని లోకం.

మా క్లబ్బులో మేనేజర్ని పెట్టుకునే పద్ధతి కూడా ఇలాంటిదే. ఓట్లూ గీట్లూ లేవు. పెద్దలు స్వీట్లు పట్టుకుని ఒకాయన ఇంటికి వెళ్లి అడగాలి. ఆయన నావల్ల కాదనాలి. మళ్లీ వెళ్లి అడగాలి, మళ్లీ కాదనాలి. మూడోసారి టీమంతా వెళ్లి, ఆ మనిషిని భుజాల మీద ఎత్తుకుని గ్రౌండుకు తీసుకురావాలి. ఈలోగా అతని తరఫున ఎవరూ నోరు మెదపకూడదు. మెదిపితే అతనే మనిషిని పంపి అడుక్కున్నాడంటారు. పాత మేనేజర్ హుస్సేన్ బాషా గారిని అలాగే తెచ్చుకున్నాం.

బాషా గారు మసాలా దినుసుల హోల్‌సేల్ వ్యాపారి. ఎవరు ఆడాలో చెప్పేదీ ఆయనే, కలాసీ కుర్రాళ్ల షిఫ్టు మార్చమని మేస్త్రీలను బతిమాలేదీ ఆయనే, ఓడిన రోజు అందరినీ ఇంటికి పిలిచి అన్నం పెట్టేదీ ఆయనే. డెబ్భైలన్నీ అలా బాగానే గడిచాయి. ఎనభైల్లోకి వచ్చేసరికి మా పని అయిపోయింది. ఫ్యాక్టరీల టీములు ఉద్యోగాలిస్తామని పిలిస్తే మా మంచి ఆటగాళ్లంతా వెళ్లిపోయారు. వాళ్లను ఏమంటాం? నెల జీతం ఎవరికి చేదు? ఇక మాకు వరసగా ఓటములే. ఆ దిగులుతోనే బాషా గారు మంచం పట్టారు. పోయేముందు మమ్మల్ని పిలిచి, "ఇద్రీస్‌ని అడగండి. ఆడు పిల్లల్ని వొగ్గేయడు" అన్నారు.

ఆ మాట తెలిసిన రోజు ఇద్రీస్ కొట్టు మూసేసి సముద్రం ఒడ్డుకు పోయి కూర్చున్నాడు. నేను వెతుక్కుంటూ వెళ్లాను.

"బావా, నాను ఆడలేకపోనాను గానీ ఆడిత్తాను. గట్టు మీద కూకొని కూకొని ఆటంతా నా కళ్లల్లో ఉండిపోనాది. నాకింకేటీ ఒద్దు. ఒక్క ఏడాది మేనేజర్ని సేత్తే సాలు" అన్నాడు.

"మరి ఇంటికొచ్చి అడిగితే ఒప్పేసుకుంటావా?"

"సీ! ఒక్కసారికే ఊఁ అంటానేటి? సిగ్గుండొద్దూ?"

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పటికి క్లబ్బు ప్రెసిడెంటు రమణమూర్తి గారు. రాజమండ్రి వైపు మనిషి, ఇంజనీరు. స్టీలు ప్లాంటు పనుల మీద వచ్చి ఉక్కునగరంలో క్వార్టరులో ఉండేవారు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం. క్లబ్బు మూతపడేలా ఉంది, మీరు ప్రెసిడెంటుగా ఉండాలని మేం వెళ్లి అడిగితే ఆయన ఒక్క మాటకే "తప్పకుండా" అనేశారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా కెప్టెన్ సన్యాసిరాజు ముక్కు మీద వేలేసుకున్నాడు. "ఇదేటి బావా, ఇలగ ఒప్పేసుకున్నాడు? కొంచెమైనా బతిమాలించుకోడేటి?" అన్నాడు. అందరం నవ్వి ఊరుకున్నాం.

బాషా గారి మాట ప్రకారం రమణమూర్తి గారు స్వీట్లు పట్టుకుని ఇద్రీస్ ఇంటికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను.

"ఇద్రీస్ గారూ, మీరు మా టీముకి మేనేజరుగా ఉండాలి. ఉంటారా?"

ఇద్రీస్ తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నానేటి బాబూ, మేనేజరేటి! తోలు కుట్టుకునేవోణ్ణి. నావల్ల అవ్వదు బాబూ. ఇంకెవుల్నైనా సూసుకోండి" అన్నాడు.

ఆ మాటలో ఎంత సంబరం ఉందో మా పేటలో పుట్టినవాడెవడైనా చెప్పేస్తాడు. రమణమూర్తి గారు మా పేటలో పుట్టలేదు. ఆయన లేచి నమస్కారం పెట్టి, "మీ ఇష్టమండి. వద్దన్న పెద్దవారిని ఇబ్బంది పెట్టడం బాగుండదు" అని బయటికి వచ్చేశారు. మర్యాదస్తుడు. ఆ మర్యాదే మా కొంప ముంచింది. నేను ఆయన వెనకాల నోరు తెరవబోతే, గుమ్మంలోంచి ఇద్రీస్ వద్దని కళ్లతో సైగ చేశాడు.

మర్నాడు కొట్టు దగ్గరికి పోయి గట్టిగానే అడిగాను. "నాను ఎల్లి ఆయనకి ఇసయం సెప్పేత్తాను బావా" అన్నాను.

"సెప్తే నాను అడుక్కున్నట్టే కదా బావా! నా మీద ఒట్టు, సెప్పకు. ఆయనే వత్తాడు. ఇంకా రెండుసార్లుంది కదా" అన్నాడు. అంత మొండిఘటాన్ని నేనెక్కడా చూడలేదు.

రమణమూర్తి గారు వెతుకులాటలో పడ్డారు. తగరపువలసలో ఒక డ్రిల్లు మేస్టారు ఉన్నారంటే జీపు వేసుకుని వెళ్లారు. ఆయన సరేనన్నాడు గానీ ఆదివారం తప్ప రాలేనన్నాడు. ఇంకొకాయన వచ్చాడు, పొద్దున్నే తాగొచ్చి కుర్రాళ్లను నోటికొచ్చినట్టు తిట్టి, రెండో రోజు నుంచి కనబడలేదు. ఒక్కొక్కరు తప్పిపోతుంటే ఇద్రీస్ "అయ్యో పాపం, మంచోడే" అనేవాడు. ముఖంలో మాత్రం దీపావళి. ఇక తన గుమ్మంలోకే వస్తారని అతని లెక్క. శుక్రవారం నమాజు కాగానే కొట్టుకు వెళ్లకుండా తెల్ల లాల్చీ వేసుకుని ఇంట్లోనే కూర్చునేవాడు. వచ్చేవాళ్లకు టీ ఇవ్వడానికి గుల్జార్ బేగం పూర్ణా మార్కెట్‌లో పింగాణీ కప్పులు కొనుక్కొచ్చింది.

వానలు వెళ్లిపోయాయి. ఎవరూ రాలేదు. ఇద్రీస్ మెల్లగా మాటలు తగ్గించేశాడు, అన్నం తగ్గించేశాడు. సందు మొగలో జీపు చప్పుడైతే సూది ఆపి తలెత్తేవాడు. చూడలేక నేను ఆ సందులోకి వెళ్లడమే తగ్గించాను. ఒకరోజు గుల్జార్ బేగం నా ముందే విరుచుకుపడింది.

"ఆ బాబు మనూరోడు కాదు. మన బెట్టులు ఆయనకేటి తెలుసు? ఈసారి వత్తే గమ్మున ఊఁ అనెయ్యండి. నా మీద ఒట్టు!"

ఇద్రీస్ "అలగే బేగం. ఈసారి ఆయన నోరు తెరిసీసరికే ఒప్పేసుకుంటాను" అన్నాడు.

లీగు మొదలయ్యే ముందు ఆదివారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మా హాఫ్‌బ్యాక్ కన్నబాబు సందులోంచి పరుగెత్తుకొచ్చాడు. "ఇద్రీస్ బావా! ప్రెసిడెంటు గారు స్వీట్లు అట్టుకొని మీ ఇంటికే వచ్చేత్తన్నారు! టీమంతా ఎనకాలుంది!" ఎందుకని మేమెవరం అడగలేదు.

యా అల్లా, ఆ మనిషి కంగారు చూడాలి! లాల్చీ తిరగేసి వేసుకున్నాడు. గుల్జార్ బేగం నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, విప్పించి మళ్లీ తొడిగింది.

రమణమూర్తి గారు గుమ్మంలోకి వచ్చారు. వెనకాల సన్యాసిరాజు, కుర్రాళ్లు, వాళ్లతోపాటు పొడుగాటి కొత్త మనిషొకాయన. ఆయనెవరో ప్రెసిడెంటు గారి క్వార్టర్ల తాలూకు మనిషి అనుకున్నాం.

"ఇద్రీస్ గారూ, మీరు కాదనకూడదు. ఒక కోరిక మీద..."

"ఒప్పుకుంటన్నాను బాబూ!" అనేశాడు ఇద్రీస్. "ఒప్పుకుంటన్నాను. మేనేజరీ సేత్తాను. ఆయాల ఊరికే అలగన్నాను గానీ, నాకు ఇట్టమే బాబూ. సానా ఇట్టం."

రమణమూర్తి గారి ముఖం పాలిపోయింది. "ఇద్రీస్ గారూ, వీరు కొండలరావు గారు. పై ఊళ్లలో పెద్ద టీములకు ఆడారు. నిన్ననే మేనేజరుగా ఒప్పుకున్నారు. కొత్త మేనేజరు చేతికి మొదటి బంతి క్లబ్బులో పాతవాళ్లు ఇవ్వాలట కదా, అది మీరైతే బాగుంటుందని అడగడానికి వచ్చాం" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "మీరు వద్దన్నారు కదండీ" అన్నారు.

కొండలరావు మంచివాడు. చెడ్డవాడైతే తిట్టుకుని బతికేవాణ్ణి. "అయ్యో, నాకేం తెలీదండి. నేను తప్పుకుంటాను, పెద్దాయన్నే ఉండనివ్వండి" అన్నాడు. రమణమూర్తి గారికి కాస్త ప్రాణం లేచొచ్చింది. "చెప్పండి ఇద్రీస్ గారూ, మీరే ఉంటారా?" అని మళ్లీ అడిగారు.

అలా రెండోసారి అడగడం అయింది. ఇద్రీస్ ఆయన వైపు చూడలేదు. టీము వైపు చూశాడు. సన్యాసిరాజు నేల చూస్తున్నాడు. కన్నబాబు పక్కకు తిరిగాడు. ఓడీ ఓడీ విసిగిపోయిన కుర్రాళ్లు, పెద్ద టీములకు ఆడినవాడు దొరికాడన్న ఆశ వాళ్లది. ఆ ఆశ వాళ్ల ముఖాల మీద కనబడుతూనే ఉంది.

"వద్దు బాబూ" అన్నాడు ఇద్రీస్.

ఈసారి చెవులు ఎర్రబడలేదు. అయినా వద్దన్నాడు కాబట్టి ఇప్పుడు టీము ముందుకు రావాలి, భుజాల మీదకు ఎత్తుకోవాలి, మా పద్ధతి అది. నేను కుర్రాళ్ల మీద అరిచాను. "ఏట్రా అలగ సూత్తన్నారు? ఎత్తండిరా! ఎత్తరేటి?" అని గొంతు పోయేలా అరిచాను. ఒక్కడి కాలు కదల్లేదు. ఇద్రీసే నా భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకో బావా" అన్నాడు. గుల్జార్ బేగం లోపల్నుంచి టీ తెచ్చింది. అందరికంటే ముందు కొండలరావుకు అతనే తన చేత్తో కప్పు అందించాడు.

సాయంత్రం గ్రౌండులో ఇద్రీసే కొండలరావు చేతిలో బంతి పెట్టాడు. చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు. ఇంటికి నడిచొస్తుంటే పోర్టు గోడ దగ్గర ఆగిపోయాడు.

"బావా, నిజం సెప్పు. ఆ మొదటిరోజే ఊఁ అనేత్తే నన్ను ఆశపోతనుకునేవోరేటి?"

అబద్ధం ఆడితే బాగుండునేమో. నాకు చేత కాలేదు.

"ఎవులూ అనుకోకపోదురు బావా."

"మరి నాను ఎవుల్ని సూసి సిగ్గుపడ్డాను?" అని, వచ్చేపోయే జనం మధ్య రోడ్డు మీదే బావురుమన్నాడు.