డయాలసిస్ వార్డులో రాసిన నవల

మనుషులు చావని దేశం గురించి నేను నవల మొదలుపెట్టింది ఏలూరులో, ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని. అమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం రోజు విడిచి రోజు పొద్దున్నే, నేనుండే తాడేపల్లిగూడెంలో రైలెక్కేవాళ్లం. ఉంగుటూరు వైపు చేలు దాటి చేపల చెరువులు కనబడేసరికి అమ్మ కిటికీ వైపు తిరిగేది. మండవల్లిలో, కొల్లేటి అంచున, మిషన్ బడి టీచరుగా బతుకంతా గడిపిన మనిషి. చుట్టూ నీళ్ల మధ్య బతికినామెకు ఇప్పుడు చిన్న గ్లాసుతో కొలిచి నీళ్లివ్వమన్నారు డాక్టర్లు. మరీ దాహమేస్తే నాలుక మీద ఐసు ముక్క పెట్టేదాన్ని. ఆమెకూ అలసటే, నాకూ అలసటే. ఒకరిది ఒకరికి చెప్పుకునేవాళ్లం కాదు.

యంత్రం తిరుగుతున్నంతసేపూ చేసేదేముంది? ఫోనులో రాసుకునేదాన్ని. నా నవల్లో ప్రతి ఇంట్లోనూ తాతమ్మల్ని, వాళ్ల తాతమ్మల్ని యంత్రాలకు తగిలించి ఉంచుతారు. ఎవరూ పోరు కాబట్టి కొత్తగా ఎవరూ పుట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోదు. యంత్రం ఆపే హక్కు కన్నబిడ్డలకే ఉంది. ఆపితే వీధిలో తలెత్తుకోలేరు గనక ఎవరూ ఆపరు.

ఏ రోజు రాసింది ఆ రోజే అమ్మ చదివించుకునేది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది? వాక్యం పొడుగైతే "ఊపిరి తీసుకోవే" అనేది.

"అంటే కొత్త కోడలికి అత్తగారు, ఆవిడకో అత్తగారు, ఆ పైన ఇంకో అత్తగారు, అందరూ ఉంటారన్నమాట?"

"ఉంటారు."

"చచ్చింది పిల్ల!" అని నవ్వింది.

పక్క మంచం మీద పెద్దాయన కూడా నవ్వాడు. "ఆ పిల్లని మా చింతలపూడి పంపించెయ్యండమ్మా, పామాయిల్ తోటలో బోలెడు పనుందండి" అన్నాడు.

చివరి అధ్యాయం మాత్రం కదల్లేదు. అందులో కూతురు తల్లి యంత్రం ముందు నిలబడి ఉంటుంది. ఆపుతుందో లేదో నాకే తేలక, వెనక్కెళ్లి పాత పేజీలు దిద్దుతూ కూర్చున్నాను. అమ్మ ఊరుకుంటేగా!

"ఇంకా అక్కడే నిలబడిందా? కాళ్లు నెప్పెట్టవూ దానికి?"

"తల్లి తప్ప దానికెవరూ లేరమ్మా. ఎలా ఆపుతుంది?"

"మరి తల్లినడిగిందా?"

ఫోనులో మొదటి పేజీ దాకా వెనక్కి వెళ్లి చూశాను. ముసలావిడకు మతి ఉన్నట్టు, నోరున్నట్టు రాసింది నేనే. కూతురు మాట్లాడింది, అధికారులు మాట్లాడారు, ఇరుగుపొరుగు మాట్లాడారు. అంత నవల్లో ఆవిడ మాత్రం ఒక్క మాటా అనలేదు. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"నువ్వేమంటావు?" అన్నాను, కథ గురించే అడుగుతున్నట్టు.

"ఇంక చాల్లే అమ్మాయ్. నాకు ఓపిక లేదు. ఇంటి దగ్గరుంటాను."

తిరుగు రైల్లో వాదించాను. ఇంటికొచ్చాక బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. డాక్టరుగారు ఫోనులో అమ్మతో చాలాసేపు మాట్లాడి, చివరికి నాతో "ఆవిడ అన్నీ తెలిసే అంటున్నారండి" అన్నారు. అమ్మ మా ఇద్దరి మాటలకూ తలూపింది, దేనికీ ఒప్పుకోలేదు. ఆమె పోతే నాకెవరున్నారన్నదే నా ఏడుపంతా. ఆ సంగతి ఆమెకు తెలుసు, అందుకే ఇన్నాళ్లూ నోరు మెదపకుండా రైలెక్కింది.

వెళ్లాల్సిన రోజు పొద్దున్న అమ్మ చీర మార్చుకోలేదు. పక్క మీదే కూర్చుని కాఫీ అడిగింది, పెద్ద గ్లాసుతో. ఇచ్చాను. ఆమె తాగుతుంటే, మమ్మల్ని స్టేషనుకు తీసుకెళ్లే ఆటో ఆయనకు ఫోను చేశాను.

"ఏవండీ, ఇవాళ రావద్దండి."

"అలాగేనండి. అమ్మగారికి నలతగా ఉందాండీ? పోనీ, ఎల్లుండి రమ్మంటారా?"

అమ్మ గ్లాసు దించి నా వైపే చూస్తోంది.

"వద్దండి" అన్నాను. "ఇంక రావద్దండి."